పాటల పెట్టె: ఒకే పాటకి రెండుసార్లు డబ్బులెందుకు?

ఈ నెల సంచిలో అయిదు ఉత్తరాలు ఒకే మనిషి గురించి వచ్చాయి. సుశీల గారి గురించో జానకి గారి గురించో అనుకునేరు, అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ గురించి! విజయవాడ గవర్నరుపేటలో 1986 నుంచి పద్దెనిమిదేళ్ళు క్యాసెట్ల కొట్టు నడిపినవాణ్ణి, నాకెందుకీ గొడవ అనుకున్నాను. తీరా చదివితే అన్నీ నా కొట్టు సంగతుల్లాగే ఉన్నాయి. అందుకని ఈసారి పెట్టె మొత్తం ఆ అమ్మాయికే.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. పుట్టినరోజుకి ‘ఫియర్‌లెస్ (టేలర్స్ వెర్షన్)’ ఎల్పీలు కొనమంటోంది. మూడు రికార్డుల సెట్టట, అయిదు వేల పైమాటే. మా ఇంట్లో రికార్డ్ ప్లేయరే లేదు. రెండేళ్ళ కిందట కార్లో ఇవే పాటలు పాతవి పెడితే “అది తీసెయ్ నాన్నా, అది తనది కాదు” అని గొడవ చేసింది. ఇప్పుడేమో పాతవీ వింటోంది, కొత్తవీ కొనమంటోంది. ఆమె పాడిన పాట ఆమెది కాకపోవడమేమిటండీ? ఇదేమైనా కొత్తరకం వ్యాపారమా?
— ఒక తండ్రి, తెనాలి

జవాబు: వ్యాపారం కాదని నేననను. అయితే మీ అమ్మాయి అప్పుడు చెప్పిందీ నిజమే, ఇప్పుడు చేస్తున్నదీ సబబే.

ముందు మా కొట్టు సంగతి ఒకటి చెప్తాను. అప్పట్లో పాత పాటల క్యాసెట్లు రెండు రకాలుగా వచ్చేవి. అసలు గాయకులు పాడినవి ఒక రకం. అవే పాటలు ఇంకెవరి చేతో పాడించి సగం ధరకి వదిలేవి ఇంకో రకం. అట్ట మీద హీరో బొమ్మ ఇంతుండేది, ‘పాడినవారు వేరు’ అన్న ముక్క చీమ తలకాయంత ఉండేది. ఒకసారి ఉయ్యూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఘంటసాల గారి పాటలనుకుని అలాంటిదొకటి పట్టుకెళ్ళాడు. తప్పు నాదే, చెప్పలేదు. మర్నాడు షట్టర్ ఎత్తకముందే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. “పాట అదేనయ్యా, మనిషి ఆయన కాదు” అని క్యాసెట్ నా చేతిలో పెట్టాడు. డబ్బు తిరిగిచ్చి టీ కూడా తాగించాను.

ఆయన ఒక్క ముక్కలో చెప్పింది చట్టం కూడా చెప్తుంది. పాట వేరు, దాన్ని పాడి పట్టిన టేపు వేరు. పాట అంటే మాటా, వరసా. అది రాసినవాళ్ళదీ కట్టినవాళ్ళదీ. స్టూడియోలో పాడించి పట్టిన మూల రికార్డింగుని మాస్టర్ అంటారు. ఖర్చు పెట్టింది కంపెనీ కాబట్టి మామూలుగా అది కంపెనీ పేరునే ఉంటుంది. క్యాసెట్, సీడీ, ఫోన్లో మీరు వినే పాట, అన్నీ దాని పిల్లలే. పిల్లల మీద వచ్చే డబ్బులో పెద్దవాటా మాస్టర్ ఎవరి దగ్గరుంటే వాళ్ళకి.

టేలర్ స్విఫ్ట్ 2005లో, పదిహేనేళ్ళప్పుడు, నాష్‌విల్‌లో బిగ్ మెషీన్ అనే అప్పుడే పుట్టిన కంపెనీతో సంతకం చేసింది. పదిహేనేళ్ళ పిల్ల, కొత్త కంపెనీ. ‘మాస్టర్లు ఎవరివి’ అన్న గీత ఆ కాగితాల్లో ఎక్కడుందో ఎవరు చూస్తారు చెప్పండి. మొదటి ఆల్బమ్ 2006లో వచ్చింది. రెండోదే ఈ ‘ఫియర్‌లెస్’. 2008 నవంబరు 11న విడుదలైంది, అప్పటికి ఆమెకి ఇంకా పద్దెనిమిదే. పదమూడు పాటల్లో ఏడు ఒంటరిగా రాసింది, మిగతావి ఇతరులతో కలిసి. ప్రేమించినవాడు ఇంట్లో నచ్చలేదన్న ఉక్రోషంతో పడకగదిలో నేల మీద కూర్చుని ఇరవై నిమిషాల్లో రాసేశానని ఆమె చెప్పుకున్న ‘లవ్ స్టోరీ’ ఇందులోదే. అమెరికాలో మొదటి వారమే 5,92,000 కాపీలు పోయాయి. అక్కడి ఆల్బమ్‌ల అమ్మకాలకి కొలమానమైన బిల్‌బోర్డ్ పట్టికలో మొత్తం 11 వారాలు మొదటి స్థానంలో ఉంది. 2010 జనవరి 31న ‘ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్’ గ్రామీ కూడా వచ్చింది. తన పేరున వచ్చిన ఆల్బమ్‌కి ఇరవయ్యేళ్ళకే ఆ అవార్డు అందుకున్నవాళ్ళు అప్పటిదాకా లేరు.

ఆరు ఆల్బమ్‌లయ్యాక 2018లో ఒప్పందం తీరిపోయింది. ఆమె వేరే కంపెనీకి వెళ్ళిపోయింది, ఈసారి మాస్టర్లు తనవేనని రాయించుకుని మరీ. పాత ఆరూ బిగ్ మెషీన్‌లోనే ఉండిపోయాయి. 2019 జూన్‌లో ఆ కంపెనీని స్కూటర్ బ్రాన్ అనే మేనేజరు తాలూకు సంస్థ కొనేసింది. దాదాపు 30 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. కొన్న మనిషి ఆమెకి బొత్తిగా గిట్టడు. ఆ సంగతి దాచుకోకుండా లోకమంతా వినేట్టు రాసింది. మరుసటి ఏడు ఆ మాస్టర్లు షామ్రాక్ అనే ఇంకో సంస్థకి చేతులు మారాయి. మన పొలం మనకి చెప్పకుండా ఒకరి నుంచి ఒకరికి రిజిస్ట్రేషన్లు అవుతుంటే గట్టు మీద నిలబడి చూస్తున్నట్టుంటుంది చూడండి, అలాగన్నమాట.

ఇక్కడే ఆమె బుర్ర పనిచేసింది. టేపు పోతే పోయింది, పాట తనదే కదా. ఇన్నేళ్ళదాకా ఇవే పాటలు మళ్ళీ రికార్డు చెయ్యకూడదన్న షరతు ఇలాంటి ఒప్పందాల్లో ఉంటుంది. తన మొదటి అయిదు ఆల్బమ్‌లకి ఆ గడువు 2020 నవంబరుతో తీరిపోతుందని ముందే టీవీలో చెప్పింది. గడువు తీరాక మొదట బయటికొచ్చింది ‘ఫియర్‌లెస్’. 2021 ఏప్రిల్ 9న వచ్చిన ఈ కొత్తదానికి పేరు అదే, పక్కన బ్రాకెట్లో ‘టేలర్స్ వెర్షన్’. ఏళ్ళుగా తనతో వేదికల మీద వాయిస్తున్న బృందాన్ని కూర్చోబెట్టి, అదే వాయిద్యం, అదే లయ, ఇంచుమించు అదే నిడివి. పాతదాని మీద పల్చటి కాగితం పెట్టి గీసినట్టు పాడింది. వారం తిరిగేసరికి 2,91,000 యూనిట్లతో (అమ్మినవీ ఆన్‌లైన్‌లో విన్నవీ కలిపిన లెక్క) మళ్ళీ మొదటి స్థానం. మళ్ళీ పాడిన ఆల్బమ్ ఒకటి ఆ పట్టికలో పైకెక్కడం అదే మొదటిసారి.

ఇందులో ఇంకో కిటుకుంది. సినిమావాళ్ళో ప్రకటనలవాళ్ళో ఆ పాట వాడుకోవాలంటే ఇద్దరి అనుమతి కావాలి: టేపు యజమానిదీ, పాట యజమానిదీ. టేపు ఎవరిదైనా పాట ఆమెది. పాతదానికి ‘ఊఁ’ అనకుండా ఊరుకుంటే చాలు, అడిగేవాళ్ళు కొత్తదాని దగ్గరికే రావాలి. కోట్లు పోసి కొన్న తాళంచెవి చేతిలో ఉంది, లోపలి గడియ మాత్రం ఆమె దగ్గర. మీ అమ్మాయి కార్లో పాత పాట తీసెయ్యమన్నది అందుకే. పాతది ఎన్నిసార్లు వింటే అంత డబ్బు ఆమెకి గిట్టనివాళ్ళకి పోతుందని అభిమానుల పట్టుదల.

మరి ఇప్పుడు పాతవి ఎందుకు వింటోందంటారా? 2025 మే 30న ఆమె ఆ ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లూ షామ్రాక్ దగ్గర కొనేసుకుంది. ఇప్పుడు రెండూ ఆమెవే. కాబట్టి కార్లో ఏది పెట్టినా ఇంట్లో గొడవుండదు.

ఇక అయిదు వేల సంగతి. ప్లేయరు లేకుండా ఎల్పీ కొనడం ఎద్దుల్లేకుండా కాడి కొన్నట్టేనని నాకూ అనిపిస్తుంది. కానీ మా మేనకోడలు గదిలో ఆ సెట్టే ఉంది. బంగారు రంగు రికార్డులు. అవి తిరగడం ఇంతవరకూ నేను చూళ్ళేదు. అద్దం పక్కన నిలబెట్టి రోజూ దుమ్ము తుడుస్తుంది. నా వయసులో నేనూ వినడానికి మనసొప్పని సీలు తియ్యని క్యాసెట్లు దాచుకున్నవాణ్ణే, ఆ పిల్లని ఏమనను? మార్కులు ఎలా వస్తున్నాయో చూసుకుని మీరే తేల్చుకోండి.

ప్రశ్న: మా బావ అమెరికా నుంచి తెచ్చిన ‘ఫియర్‌లెస్’ సీడీలో 19 పాటలున్నాయి. అసలు ఆల్బమ్‌లో 13 అంటారు. పైగా మొదటి పాట ‘ఫియర్‌లెస్’ కాదు, ‘జంప్ దెన్ ఫాల్’. నకిలీదా?
— కె.ఎస్.ఆర్., కాకినాడ

జవాబు: నకిలీ కాదు. మీ బావగారిని అనుమానించకండి. అది 2009 అక్టోబరు 26న వచ్చిన ప్లాటినం ఎడిషన్. ఆరు పాటలు చేర్చి మళ్ళీ వేశారు. మామూలుగా అదనపు పాటలు చివర్లో తగిలిస్తారు, వీళ్ళు తెచ్చి ముందు పెట్టారు. అందుకే వరస మారింది. అసలు 13 పాటలు వరసలో వినాలంటే ఏడో పాట నుంచి మొదలుపెట్టండి. సీడీతో పాటు డీవీడీ కూడా ఉండాలి, అట్టపెట్టెలో వెతకండి.

2021 నాటి దాంట్లో లెక్క ఇంకా పెరిగింది. ఈ 19, ఒక సినిమా కోసం పాడిన పాట ఒకటి, 2008 నాటికే రాసి పక్కన పడేసినవి ఆరు, మొత్తం 26. ఆ చివరి ఆరింటికీ ‘ఫ్రమ్ ద వాల్ట్’ అని పేరు పెట్టింది. మన మాటల్లో అటక మీంచి దించినవి. వాటిల్లో ‘మిస్టర్ పర్ఫెక్ట్‌లీ ఫైన్’ వినండి. అంత మంచి పాటని పదమూడేళ్ళు అటక మీద పెట్టారంటే నాకు మింగుడుపడలేదు.

ప్రశ్న: బాబాయ్ గారూ, నేను పదిహేనేళ్ళుగా డాలస్‌లో ఉంటున్నాను. 2009లో ఎమ్మెస్ చదివేటప్పుడు పాత సుజుకీ కార్లో ఒకటే సీడీ ఉండేది, అది ‘ఫియర్‌లెస్’. కొత్త వెర్షన్ శుభ్రంగానే ఉంది, కానీ ‘ఫిఫ్టీన్’ పాట మాత్రం నాకు ఎక్కట్లేదు. నా చెవిలో లోపమా?
— ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: నాయనా, నీ చెవులు భేషుగ్గా ఉన్నాయి. నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రెండూ పక్కపక్కన పెట్టి మూడు రాత్రులు విన్నాను. మీ పిన్ని “ఈ వయసులో ఇదేం వ్యసనం” అంది కూడా.

‘హే స్టీఫెన్’ పాట చివర్లో ఒక చోటు ఉంది. మిగతా అమ్మాయిలు అందగత్తెలేగానీ నీకోసం వాళ్ళు పాట రాస్తారా అని అడిగి చిన్నగా నవ్వుతుంది. 2008 నవ్వు పెదాలు మూసుకున్నా జారిపోయిన నవ్వు. వెనక బెంచీలో కూర్చున్న పిల్ల టీచరు చూస్తుందేమోనని నవ్వినట్టుంటుంది. 2021లోనూ అదే చోట నవ్వుతుంది, నవ్వాలి కాబట్టి. కాకపోతే ఈ నవ్వు పాత ఫొటో చూసుకుని నవ్విన నవ్వు. నాకు రెండూ నచ్చాయి. కానీ రెండోది వింటున్నంతసేపూ మొదటిదాన్ని తలుచుకున్నాను.

గొంతు సంగతి తీసుకో. అప్పటి గొంతు సన్నం, పైస్థాయిలో కాస్త బిగుసుకునేది, మాటల చివర అమెరికా దక్షిణాది పల్లెయాస సాగేది. ఇప్పటిది నిండుగా, కింది స్థాయిలో హాయిగా ఉంది. యాస చాలావరకు పోయింది. సంగీతం తెలిసినవాళ్ళు ఎవరైనా కొత్తదే బాగా పాడిందంటారు. సరే, బాగా పాడింది. కానీ ‘ఫిఫ్టీన్’ పాట హైస్కూల్లో మొదటిరోజు నిలబడ్డ పదిహేనేళ్ళ పిల్లకి ఇంకో పిల్ల చెప్పే మాట. పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ‘అప్పట్లో నాకేం తెలియదు’ అంటుంటే, ఇప్పుడూ దీనికేం తెలియదని మనకి తెలుస్తుంటుంది. ఆ పాటకి అందమంతా అక్కడుంది. ముప్ఫై ఒకటో ఏట పాడేసరికి ఆమెకి నిజంగానే అన్నీ తెలుసు. పాట సరైపోయింది, అదే దాని ఇబ్బంది. నీకు అది ఎక్కకపోవడానికి ఆ సుజుకీ కారు కూడా సగం కారణమేమోలే.

ప్రశ్న: నమస్తే సార్. నేను జానపద పాటలు పాడుతాను. మూడేండ్ల కింద ఒక యూట్యూబ్ చానెల్ వాళ్ళకు నాలుగు పాటలు పాడిన. ఒక్కోదానికి కొన్ని వేలు ఇచ్చి కాగితం మీద సంతకం తీసుకున్నరు. ఒక పాటకు ఇప్పుడు కోట్లల్ల వ్యూస్ వచ్చినయి, నాకు రూపాయి లేదు. టేలర్ స్విఫ్ట్ లెక్క నేను గూడ నా పాట మళ్ళ పాడి నా చానెల్ల పెట్టుకోవచ్చా?
— ఒక గాయని, వరంగల్ జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలాసేపు బాధపడ్డాను. తొందరపడి పాడి పెట్టెయ్యకండి. ముందు మూడు సంగతులు చూసుకోవాలి.

టేలర్ స్విఫ్ట్ మళ్ళీ పాడగలిగిందంటే ఆమె గాయని కావడం వల్ల కాదు, ఆ పాటలు ఆమె రాసుకోవడం వల్ల. మన దగ్గర ఒకరు రాస్తారు, ఇంకొకరు వరస కడతారు, మూడోవాళ్ళు పాడతారు. పాడినంత మాత్రాన పాట మనదైపోదని 2017లో మనకందరికీ తెలిసొచ్చింది. బాలు గారంతటివారు అమెరికా పర్యటనలో ఉండగా, తన పాటలు అనుమతి లేకుండా వేదికల మీద పాడకూడదని ఇళయరాజా గారు నోటీసు పంపించారు. వేల పాటలు పాడిన గొంతుకే ఆ పరిస్థితి వచ్చింది. అందుకని మీ పాట ఎవరు రాశారో, వరస ఎవరిదో ముందు చూడండి. తాతల కాలం నుంచి బతుకమ్మల్లోనో నాట్లల్లోనో పాడుకునే పాటైతే దాని మాటల మీద, వరస మీద ఏ చానెల్‌కీ హక్కు లేదు. వాళ్ళు చేయించిన సంగీతం, వాళ్ళు పట్టిన రికార్డింగు, వాళ్ళ వీడియో మాత్రమే వాళ్ళవి. కొత్త వాయిద్యంతో మీరు పాడుకోవచ్చు. ఎవరైనా కొత్తగా రాసిన పాటైతే వాళ్ళ అనుమతి కావాలి.

రెండోది ఆ కాగితం. దాంట్లో ‘ఇంత కాలం ఇంకెక్కడా పాడరాదు’ అన్న షరతు ఉందేమో చదివించండి. మీ దగ్గర నకలు లేకపోతే అడిగి తెప్పించుకోండి. వాళ్ళు ఇవ్వనంటే లాయరు చేత అడిగించండి. ఈ పనికి పెట్టే ఫీజు దండగ కాదు.

మూడోది మీకు తెలియాల్సింది. మన 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించినప్పుడు పాడినవాళ్ళకి కూడా, ఆ రికార్డింగుని వ్యాపారానికి వాడుకుంటే, రాయల్టీ హక్కు రాశారు. కోట్ల వ్యూస్ వచ్చిన పాట విషయంలో లాయరుని ఈ ముక్క ప్రత్యేకంగా అడగండి. అదే సవరణలో ఇంకోటుంది. ఒక పాట మొదటి రికార్డింగు వచ్చిన ఏడాది పోను అయిదేళ్ళు గడిస్తే, పాట హక్కుదారులకి ముందుగా నోటీసిచ్చి, రాయల్టీ కట్టి, వేరే గొంతుతో కొత్త రికార్డింగు తేవచ్చు. అయితే అట్ట మీద పాత గాయకుల పేరు గానీ బొమ్మ గానీ వేసి జనాన్ని తికమక పెట్టకూడదని కూడా రాశారు. ఉయ్యూరు పెద్దాయన గుర్తొచ్చాడు నాకది చదివితే.

వివరాలు ఎలా తేలాయో మళ్ళీ రాయండి. మీ పాట పేరు ఇక్కడ వెయ్యకూడదుగానీ నేను విన్నాను. మొదటి చరణం తర్వాత డప్పు ఆగి మీ గొంతు ఒక్కటే వినపడే చోటు నాలుగుసార్లు వెనక్కి తిప్పుకున్నాను.

ప్రశ్న: నేను రిటైర్డ్ తెలుగు పంతుల్ని. మనవరాలి ధర్మమా అని ఈ పేరు రోజూ చెవిన పడుతోంది. ఇంగ్లీషు పాటల్లో మాటలు నాకు అందవు. ఒక్కటంటే ఒక్క పాట చెప్పండి, వింటాను.
— ఎన్.వి.ఎల్., రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, ‘ద బెస్ట్ డే’. ఇది అమ్మ మీద పాట. తల్లికి తెలియకుండా రాసి, రికార్డు చేసి, చిన్నప్పటి ఇంటి వీడియోలు దానికి అతికించి, క్రిస్మస్ కానుకగా చూపించిందట.

మాటలు అందవన్నారు కాబట్టి కథ చెప్తాను, తర్వాత వినండి. అయిదేళ్ళ పిల్ల, చలికాలం మొదలవుతోంది, పెద్ద కోటు తొడిగారు. గుమ్మడి తోటా, ట్రాక్టర్లూ దాటుకుంటూ పరిగెత్తి, అలిసి అమ్మ కాళ్ళు వాటేసుకుని ఇంటికొచ్చే దారిలోనే నిద్రపోతుంది. తర్వాత పదమూడేళ్ళు వస్తాయి. స్నేహితురాళ్ళు వెలేసినట్టు చూస్తారు. ఏడుస్తూ ఇంటికొస్తే తల్లి గట్టిగా హత్తుకుని, కారు తాళాలు తీసుకుంటుంది. ఇద్దరూ ఊరు దాటి ఎక్కడికో పోయి, కొట్ల అద్దాల్లోంచి వస్తువులు చూసుకుంటూ తిరిగి తిరిగి, బాధ మరిచిపోయి వస్తారు. పాటలో ముఖ్యమైన కథ ఇదే. విశేషణాలు తక్కువ, మీకు నచ్చుతుంది.

దీనికి మాత్రం నా ఓటు కొత్తదానికే. ‘ఫిఫ్టీన్’ దగ్గర నాకు అడ్డొచ్చిన ఆ పెద్ద గొంతే ఇక్కడ కలిసొచ్చింది. మధ్యలో ఆ తల్లికి క్యాన్సరు వచ్చింది, తగ్గింది, మళ్ళీ వచ్చింది. అది తెలిసి వింటే ఆ కారు ప్రయాణం దగ్గర కాస్త ఆగాల్సి వస్తుంది. ఫోన్లో వెతికితే రెండు కనపడతాయి. రెండు అట్టల మీదా జుట్టు ఎగురుతూనే ఉంటుంది, పాత ఫొటోలా గోధుమరంగులో ఉన్నది కొత్తది. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని వినండి, మాటలు ఆ పిల్ల చెప్తుంది.